గేరు రాడ్డుకు జలుబు

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనకి చలి అంటే ఏం తెలుసు చెప్పండి! ధనుర్మాసంలో తెల్లవారుజామున సీసాలో కొబ్బరినూనె గడ్డకడితే, "అబ్బ, ఈ ఏడు చలి ముదిరిందర్రా" అనుకుని సీసాని పొయ్యి పక్కన పెట్టి, మెడచుట్టూ మఫ్లరు చుట్టుకుంటాం. ఎండెక్కేసరికి మఫ్లరూ పోతుంది, చలీ పోతుంది. అంచేత "చలికి కారు గేరు రాడ్డు బిగుసుకుపోయింది" అని ఎవరైనా అంటే, అదేదో అమెరికాలోనో రష్యాలోనో ఉన్నవాళ్ళ బాధ, మనకెందుకులే అనుకునేవాణ్ణి. మొన్న జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన నాలుగోనాడు, లంబసింగిలో ఆ బాధ మా ఇంటిల్లిపాదికీ వచ్చిపడింది.

మా అల్లుడు కిందటేడు సెకండుహాండులో ఒక కారు కొన్నాడు. ఆటోమాటిక్కు. క్లచ్చి లేదు, ఎడమకాలికి పని లేదు. రాడ్డు పక్కన వరసగా నాలుగక్షరాలు ఉంటాయి: పి, ఆర్, ఎన్, డి. పి అంటే బండిని నిలిపి ఉంచడానికి, ఆర్ వెనక్కి పోవడానికి, డి ముందుకి. ఎన్ ఎటూ కాని తటస్థం. "కుట్టుమిషను తొక్కడం వచ్చినవాళ్ళెవరైనా దీన్ని నడిపేయొచ్చు మావయ్యగారూ" అంటూ మా అమ్మాయికి నేర్పించాడు కూడా.

ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు 1940 మోడలు ఓల్డ్స్‌మొబీలు కార్లలోనే హైడ్రామాటిక్ అనే పేరుతో ఇలాంటి గేరుబాక్సు పెట్టి అమ్మారు. మనం మాత్రం అంబాసిడర్లతోనూ ఫియట్లతోనూ, ఎడమకాలు క్లచ్చి మీదా ఎడమచెయ్యి గేరు మీదా పెట్టుకుని, చాలాకాలం నెట్టుకొచ్చాం. 2014లో మారుతి వాళ్ళు సెలేరియో కారులో తక్కువ ఖర్చు ఆటోమాటిక్కు తెచ్చాక, మధ్యతరగతి ఇళ్ళ ముందు కూడా ఈ రకం బళ్ళు బాగా కనబడుతున్నాయి.

సరే, ప్రయాణం సంగతికొస్తాను. రాజమండ్రిలో తెల్లవారుజామున బయలుదేరి అన్నవరంలో సత్యనారాయణస్వామి దర్శనం చేసుకున్నాం. విస్తరాకులో ప్రసాదం తిని, తుని మీదుగా నర్సీపట్నం చేరి, అక్కణ్ణించి ఘాటురోడ్డెక్కాం. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారట. ఆ పేరు మనుషులకే కాదు, మా కారుక్కూడా వర్తిస్తుందని మర్నాడు పొద్దున్నగాని మాకు తెలియలేదు.

ఆ వేళ అయిదున్నరకి మంచు చూడాలని అందరం లేచాం. బస చేసిన ఇంటి వాకిట్లోనే కారు. మా అల్లుడు కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను బుద్ధిగా కదిలింది. బ్రేకు తొక్కాడు, రాడ్డు మీద బొత్తాం నొక్కబోయాడు. బొత్తాం లోపలికి వెళ్ళదు! రాడ్డు పి దగ్గరే ఉండిపోయింది. రెండు చేతులా లాగాడు. ససేమిరా అంది. నేనొక చెయ్యి వేశాను. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పిన చెయ్యి. దానిక్కూడా లొంగలేదు.

"మావయ్యగారూ, మరీ లాగకండి, విరిగితే కష్టం" అన్నాడు అల్లుడు, మర్యాదగానే.

తరవాత, కారు కొన్నప్పుడు పరిచయమైన ఒక పెద్ద షెడ్డుకి ఫోను చేశాడు. అక్కడాయన బండిని చూడకుండానే వైద్యం చెప్పేశాడు: "గేరుబాక్సు పోయుంటుందండి. లారీ మీదెక్కించి పంపించండి. విప్పాలి. తక్కువలో తేలదు." ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను. మా అమ్మాయి ముఖం చూసి అంకె సంగతి అందరికీ అర్థమయింది. పిల్లవాడి స్కూలు ఫీజు, ఇంటి అప్పు వాయిదా, అన్నీ ఆ ముఖంలో ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి.

మా అల్లుడికి అప్పుడొక సంగతి గుర్తొచ్చింది. ఇలాంటి చాలా కార్లలో రాడ్డు పక్కన చిన్న మూత ఉంటుంది. మూత తీసి లోపలి కంతలో సన్నటి పుల్ల ఏదైనా పెట్టి నొక్కితే, లోపలి తాళం విడిపోయి రాడ్డు కదులుతుంది. అత్యవసరానికి పెట్టిన దొడ్డిదారి అన్నమాట. మా అమ్మాయి తలలోంచి పిన్ను తీసిచ్చింది. కంత సరిగ్గా కనబడక అతను కారు దిగాడు. తలుపు తెరిచి, కాళ్ళు నేలమీద పెట్టి, నడుము వంచి లోపలికి చెయ్యి జాపి పిన్నుతో పొడవడం మొదలెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను.

కారు వెనక మనవడూ, పక్క గదిలోని వాళ్ళ పిల్లలిద్దరూ నోట్లోంచి పొగ వదిలే పందెం వేసుకుని గంతులేస్తున్నారు.

మా ఆవిడ శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడకి కారు నడపడం రాదు. "బాబూ, హ్యాండుబ్రేకు వేశారా?" అంది.

అల్లుడి చెయ్యి ఆగిపోయింది. వెయ్యలేదు! రాత్రి దిగేటప్పుడు పి లో పెట్టాను కదా, చాలుననుకున్నాడు. బ్రేకు మీద ఎవరి కాలూ లేదు. వాకిలి చూడ్డానికి సమంగానే ఉంది గాని, ఇంటావిడ కల్లాపి చల్లిన నీళ్ళు మా కళ్ళముందే సన్నగా గేటు వైపుకి పారుతున్నాయి. ఆ గేటు దగ్గరే పిల్లలు. పిన్ను ఇంకో అరంగుళం లోపలికి దిగి తాళం విడిపోయి ఉంటే, రాడ్డు పి లోంచి తప్పుకుని ఉంటే... ఆ పైన నేను ఆలోచించదలచుకోలేదు. అల్లుడు మాట్లాడకుండా లోపల కూర్చుని బ్రేకు తొక్కి, హ్యాండుబ్రేకు చివరికంటా లాగాడు. మా అమ్మాయి పరుగున వెళ్ళి పిల్లల్ని గుమ్మంలోకి తోలుకొచ్చింది.

ఈ హడావుడికి పక్క గదిలోంచి ఒక పెద్దాయన మంకీ టోపీ సర్దుకుంటూ వచ్చాడు. రావులపాలెం వైపు మనిషి. నలభయ్యేళ్ళు లారీ నడిపి, ఇప్పుడు కొడుకు కొన్న ఆటోమాటిక్కు బండిని కూడా తనే చూసుకుంటున్నాడట.

"ఆయ్, గేరుబాక్సు పోయిందని ఎవరండీ చెప్పింది? బండిని చూశాడాండీ ఆయన? మూడు పరీక్షలు చేద్దావండి. పావలా ఖర్చుండదు" అన్నాడు.

ఆ మూడు పరీక్షలూ మీకు చెప్పడానికే ఈ వారం ఇంత రాస్తున్నాను.

మొదటిది వెనక దీపం. అల్లుణ్ణి బ్రేకు తొక్కమని, నన్ను కారుకి ఓ పక్కగా నిలబెట్టి, "వెనక ఎర్ర దీపాలు వెలుగుతున్నాయా మేష్టారూ?" అని అడిగాడు. వెలుగుతున్నాయి. "అయితే బ్రేకు దగ్గర స్విచ్చి బాగానే ఉందండి."

రెండోది చప్పుడు. ఇంజను ఆపించి, తాళాన్ని మాత్రం ఆన్‌లో ఉంచి, అందర్నీ మాట్లాడొద్దన్నాడు. అల్లుడు బ్రేకు తొక్కినప్పుడల్లా రాడ్డు అడుగున చిన్నగా 'టిక్కు'మని వినబడింది. "లోపలి తాళం విడుతోందండి. కరెంటూ ఉంది."

మూడోది చేతి స్పర్శ. కాలు బ్రేకు మీదే ఉంచి బొత్తాన్ని నెమ్మదిగా నొక్కిచూశాడు. జిగటగా ఒక గింజంత లోపలికి వెళ్ళి ఆగింది. వేలు తీసినా వెంటనే పైకి రాలేదు. ఆయన నవ్వాడు. "ఇందులో తీపి ఏదన్నా ఒలికిందాండీ?"

మేమంతా మనవడి వైపు చూశాం. వాడు వాళ్ళమ్మ చాటుకి వెళ్ళాడు.

దసరా సెలవుల్లో ధవళేశ్వరం ఆనకట్ట చూడ్డానికి వెళ్ళినప్పుడు కారులో గ్లాసెడు చెరుకురసం ఒలికింది. పైపైన గుడ్డతో తుడిచేశాం. రాడ్డు మొదట్లోంచి లోపలికి కారింది ఎవరూ చూడలేదు. ఆ రసం ఎండి, మూడు నెలల్లో గచ్చకాయ రంగు బంకగా మారి, బొత్తాం కదిలే దారినీ రాడ్డు మొదటినీ పట్టేసింది. మరి ఇన్నాళ్ళూ రాజమండ్రిలో ఎందుకు కదిలిందంటారా? ఆ జవాబు ఆడవాళ్ళందరికీ తెలుసు. అరిసెల పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ గరిటె తిరుగుతుంది. దించి చల్లార్చారో, గరిటె నిలబడిపోతుంది. రాజమండ్రిలో ఎంత చలైనా ఆ పాకం మెత్తగానే ఉంది. లంబసింగిలో నాలుగైదు డిగ్రీల చలికి ముదురుపాకమైంది!

గ్రీజు సంగతీ అంతే. రాడ్డు అడుగున కీళ్ళకి రాసిన గ్రీజు పాతబడి, దుమ్ము కలిసిపోతే చలికి చిక్కబడుతుంది. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది గనక కోనసీమ వాళ్ళు ఈ విషయాన్ని ఏటేటా కళ్ళారా చూస్తారు. నూనెలన్నీ ఒకే డిగ్రీ దగ్గర గడ్డకట్టవు గాని, చలికి చిక్కబడని నూనె మాత్రం లేదు. ఈ పాఠం నేనే ఎన్నో క్లాసులకి చెప్పాను. కారులో కూర్చున్నప్పుడు మాత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు!

పైగా బండి మాకు ముందే చెప్పింది. కార్తీకమాసంలో తెల్లవారుజామున కోటిలింగాల రేవుకి స్నానానికి వెళ్ళేటప్పుడు రాడ్డు కాస్త మొరాయించేది. స్నానం చేసి ఎండలో తిరిగొచ్చేసరికి సులువుగా కదిలేది. "కొత్త చెయ్యి గదా, అలాగే ఉంటుంది" అని మా అమ్మాయినే తప్పుబట్టాం. చల్లగా ఉన్నప్పుడు బిగిసి, వేడెక్కాక వదిలే యంత్రం ఏదైనా లోపల మురికో, జిగురో, చెమ్మో ఉందని చెప్పుకుంటోందన్నమాట. అప్పుడే వినుంటే ఆ పెద్ద షెడ్డాయనతో పనే లేకపోయేది.

పెద్దాయన చెప్పిన వైద్యం సులువు. రాడ్డు పి లోనే ఉంచి, హ్యాండుబ్రేకు వేసే ఉంచి, ఆరుబయట ఇంజను నడుపుతూ లోపల హీటరు పెట్టమన్నాడు. అరగంటకి బొత్తాం మెత్తబడింది. అల్లుడు బ్రేకు తొక్కి నొక్కగానే రాడ్డు కదిలింది. "దిగాక మళ్ళీ బిగుసుకుంటుందండి, ఊరెళ్ళగానే కడిగించండి. బంక పట్టిన బొత్తాం సగంలో ఆగిపోతే పి లో సరిగ్గా పడిందో లేదో కూడా నమ్మకముండదు. అందాకా హ్యాండుబ్రేకు వెయ్యకుండా దిగొద్దండి" అని మరీమరీ చెప్పాడు. రాజమండ్రిలో మా వీధి చివరి షెడ్డు కుర్రాడు రాడ్డు చుట్టూ ఉన్న డొక్కు విప్పి, వేడినీళ్ళలో పిండిన గుడ్డతో బంకంతా తీసి, ఆరనిచ్చి, కొత్త గ్రీజు చుక్క రాశాడు. ఒక పూట పని. గేరుబాక్సు ముట్టుకోనేలేదు.

ఇంతకీ ఈ తాళం అసలెందుకు పెట్టారో తెలుసుకుంటే దాని మీద కోపం పోతుంది. 1986లో అమెరికాలో ఆడి 5000 అనే కార్ల మీద పెద్ద అల్లరి జరిగింది. నిలిపి ఉన్న బండి పి లోంచి తియ్యగానే తనంతట తానే దూసుకుపోతోందని జనం గోల పెట్టారు. టెలివిజన్లో కూడా చూపించారు. ప్రభుత్వ నిపుణులు పరిశోధన చేసి 1989లో తేల్చిందేమంటే, చాలామటుకు నడిపేవాళ్ళు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కేశారని. ఆ రోజుల్లోనే, బ్రేకు మీద కాలుంటేనే రాడ్డు పి లోంచి కదిలేలా తాళం పెట్టడం మొదలైంది. 2010 సెప్టెంబరు 1 తరవాత అమెరికాలో అమ్మడానికి తయారయ్యే, పి ఉన్న చిన్న ఆటోమాటిక్కు బళ్ళన్నిటికీ ఇది చట్టప్రకారం ఉండి తీరాలి. ముఖ్యంగా ఆ చట్టం పిల్లల కోసం వచ్చింది. తాళం ఉన్న కారులో ఆడుకుంటూ పిల్లలు రాడ్డు లాగేస్తే బండి దొర్లిపోకూడదని.

అంటే మన రాడ్డు మొండికేసినప్పుడు ముందుగా అది మనల్నొక ప్రశ్న అడుగుతోంది: "బ్రేకు మీద కాలుందా?" అని. దానికి జవాబు చెప్పకుండా పిన్ను పెట్టి పొడిచామంటే, కాపలావాణ్ణి తన్ని లోపలికి పోయినట్టే.

ఇక మూడు పరీక్షల్లో వేరే జవాబులొస్తే ఏమిటో కూడా చెప్పాలి.

వెనక దీపాలు వెలగలేదనుకోండి. బ్రేకు దగ్గరి స్విచ్చో, దాని ఫ్యూజో పోయిందని అనుమానించాలి. చాలా కార్లలో ఆ ఒక్క స్విచ్చే దీపానికీ తాళానికీ కూడా కబురు పంపుతుంది. మామూలుగా ఇది చవక మరమ్మతే. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. దొడ్డిదారిన రాడ్డు కదిపేసి, హమ్మయ్య అనుకుని ఘాటు దిగడం మొదలెట్టామా, మనం బ్రేకు వేసిన సంగతి వెనక వచ్చే బస్సువాడికి తెలియదు. మంచులో అసలే కనబడదు. అంచేత దీపం వెలగని బండిని దొడ్డిదారిన కదిపినా, పక్కకి తీసి నిలపడానికే గాని ప్రయాణానికి కాదు.

దీపం వెలిగింది గాని 'టిక్కు' వినబడలేదనుకోండి. రాడ్డు అడుగున ఉండే చిన్న విద్యుత్ కొక్కెం, సోలినాయిడు అంటారు, దానిదో దాని తీగదో లోపం. లేదా బాటరీ నీరసపడింది. చలికి బాటరీ బలం తగ్గుతుంది. ఎండాకాలంలో ఎలాగో నెట్టుకొచ్చిన ముసలి బాటరీ శీతాకాలం పొద్దున్న చేతులెత్తేస్తుంది. ఇంజను కూడా నీరసంగా మూలిగిందంటే ముందు బాటరీ చూపించండి.

దీపమూ ఉంది, టిక్కూ ఉంది, బొత్తామూ దిగింది, అయినా రాడ్డు కదల్లేదనుకోండి. బండి వాలులో ఉందేమో చూడండి. పి లో పెట్టినప్పుడు గేరుబాక్సు లోపల ఒక చిన్న ఇనప పన్ను, పళ్ళచక్రం సందులోకి దిగి దాన్ని పట్టేస్తుంది. హ్యాండుబ్రేకు వెయ్యకుండా కాలు తీసేస్తే బండి బరువంతా ఆ ఒక్క పంటి మీద పడుతుంది. పొద్దున్న అది సులువుగా రాదు. వచ్చినా 'ధన్'మంటూ వస్తుంది. మా వాకిలి వాలు పన్ను బిగిసేంత కాదట, బండి దొర్లడానికి మాత్రం చాలునట! నిజంగా ఏటవాలులో బిగిస్తే బ్రేకు గట్టిగా తొక్కి, ఒక్కసారి నిదానంగా లాగి చూడండి. రాకపోతే ఇంకో బండికి తాడు కట్టి ఎత్తు వైపుకి కాస్త లాగిస్తే పంటి మీద బరువు తగ్గుతుంది. అప్పుడు కూడా కాలు బ్రేకు మీదే ఉండాలి. బండికి పల్లం వైపు ఎవర్నీ నిలబెట్టకండి, తోయనివ్వకండి.

అసలు ఆ అవస్థ రాకుండా ఒక వరస ఉంది. బండి ఆపాక కాలు బ్రేకు మీదే ఉంచి ముందు ఎన్ లోకి తీసుకోండి. హ్యాండుబ్రేకు వెయ్యండి. కాలు కాస్త వదిలి, బండి హ్యాండుబ్రేకు మీద నిలిచిందని చూసుకోండి. మళ్ళీ బ్రేకు తొక్కి పి లోకి తొయ్యండి. పట్టేది నాలుగు సెకండ్లు. తక్కువ ఖర్చు ఆటోమాటిక్కుల్లో చాలావాటికి పి ఉండదు. వాటికి హ్యాండుబ్రేకే దిక్కు గనక వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇంకొక తేడా కూడా గమనించండి. రాడ్డే కదలకపోవడం వేరు, రాడ్డు కదిలి బండి కదలకపోవడం వేరు. డి లో పెట్టాక క్షణమాగి ఉలిక్కిపడి బయలుదేరితే, గేరుబాక్సులో నూనె చలికి చిక్కబడి ఉండొచ్చు, తగ్గి ఉండొచ్చు, పాతదై ఉండొచ్చు. ఆ నూనె బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన రకమే పోయించాలి. షెడ్డులో ఏది మిగిలితే అది పోయించుకోకూడదు. రాడ్డుకి బదులు గుండ్రటి మీటో, మీటలో పెట్టి, తీగల మీదే పనిచేసే కొత్త బళ్ళూ వచ్చాయి. వాటి జోలికి మనం పోవద్దు, తెలిసినవాళ్ళకే చూపించాలి.

ఈ కథంతా మినియాపొలిస్‌లో ఉన్న మా అన్నయ్య కూతురికి ఫోనులో చెబితే, "బాబాయ్, మీది చెరుకురసం జలుబు. మాది అసలు జలుబు!" అని నవ్వింది. అక్కడ చలి సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువకి పోవడం కద్దు. రాడ్డు నుంచి గేరుబాక్సుకి ఒక కేబులు పోతుంది, సైకిలు బ్రేకు తీగలాగా తొడుగు లోపల. ఆ తొడుగు ఎక్కడైనా చిరిగితే నీళ్ళు చేరతాయి. రాత్రి ఆ నీళ్ళు గడ్డకట్టి కేబుల్ని పట్టేస్తాయి. అప్పుడు బొత్తాం దిగుతుంది, టిక్కూ వినబడుతుంది, రాడ్డు మాత్రం కదలదు. బలవంతంగా లాగితే కేబులు చివర ఉండే ప్లాస్టిక్ బుష్షు చిట్లి, రాడ్డు ఊరికే అటూ ఇటూ ఊగుతుంది, గేరు పడదు. అదొక కొత్త ఖర్చు.

అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు ఇవి రాసి పంపండి. వేడినీళ్ళు పొయ్యకూడదు. ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి. ఇంజను నడిపి వేడెక్కించాలి. అది కూడా ఆరుబయటే. తలుపులు మూసిన గారేజీలో ఇంజను నడిపితే రంగూ వాసనా లేని కార్బన్ మొనాక్సైడు చేరి ప్రాణాలు తీస్తుంది. ఒకసారి కదిలింది కదా అని ఊరుకోకుండా కేబులు మార్పించాలి. ఇంకోటి, మనం హ్యాండుబ్రేకు వెయ్యమని మొత్తుకుంటున్నాం గాని, అంత చలి దేశంలో తడిసిన హ్యాండుబ్రేకు రాత్రికి రాత్రి గడ్డకట్టి వదలకపోవచ్చు. అంచేత అక్కడ సమనేల చూసి నిలిపి, పి లో పెట్టి, చక్రాలకి అడ్డు పెట్టమని కొన్ని బళ్ళ పుస్తకాలే చెబుతాయి. ఏ ఊరి చలికి ఆ ఊరి పద్ధతి.

మనవైపు చలికాదుగాని చెమ్మ శత్రువు. వానాకాలంలో కాలవగట్ల మీద, పొలాల పక్కన, ముంపు నీళ్ళలో తిరిగిన బళ్ళకి కేబులు తొడుగులో నీళ్ళు చేరి తుప్పు పడుతుంది. అలాంటి బండిని సెకండుహాండులో కొనేటప్పుడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే, రాడ్డు పి నుంచి డి దాకా రెండుమూడుసార్లు నడిపి చూడండి. అమ్మేవాడు ముందే ఇంజను వేడి చేసి సిద్ధంగా ఉంచితే, మర్యాదగా మర్నాడు పొద్దున్న వస్తామని చెప్పి లేచి వచ్చెయ్యండి.

ఇక దొడ్డిదారి వాడక తప్పకపోతే ముందు హ్యాండుబ్రేకు, తరవాత బ్రేకు మీద కాలు, ఆ తరవాతే పిన్ను. లోపల మనిషి కూర్చోకుండా బయటినుంచి వంగి చెయ్యకూడదు. ముందూ వెనకా పిల్లలుండకూడదు. బండిని చూడకుండా గేరుబాక్సు విప్పాలన్నవాడితో మాత్రం "ముందు దీపం, చప్పుడు, బొత్తాం చూసి చెప్పండి" అనండి. అందులో తప్పేమీ లేదు.

మా ఇంట్లో మటుకు రెండు మార్పులొచ్చాయి. చెరుకురసమైనా, కాఫీ అయినా కారు దిగి తాగవలసిందే. మా అల్లుడు ఎక్కడ బండి ఆపినా, దిగబోయే ముందు వెనక సీటు వైపు తిరిగి, "అత్తయ్యగారూ, హ్యాండుబ్రేకు వేశానండి" అని చెబుతున్నాడు. మొదట్లో హాస్యానికే అనేవాడు. ఇప్పుడు ఆవిడ కారులో లేనప్పుడు కూడా అంటున్నాడని మా అమ్మాయి చెప్పింది.